రొయ్యల ఆఫీసరు యూట్యూబ్‌లో కనిపించొచ్చా?

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లాలో సముద్ర తీరాన ఉన్న ఒక మండలంలో మత్స్యశాఖ అభివృద్ధి అధికారిని. రొయ్యల గుంటల దగ్గర రైతులు అడిగే సందేహాలకు చిన్న చిన్న వీడియోలు చేసి సొంత యూట్యూబ్ ఛానల్లో, ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. 'ఈహెచ్‌పీకి మందు లేదు, డబ్బాల మీద డబ్బు తగలెయ్యొద్దు' అని, రొయ్యను పెరగనివ్వని ఆ రోగం గురించి చెప్పిన వీడియో ఒకటి బాగా తిరిగింది. అక్కడి నుంచి తలనొప్పులు మొదలయ్యాయి. ఆక్వా మందుల షాపుల వాళ్లు కొందరు పై ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. మరోపక్క ఒక ప్రోబయాటిక్స్ (గుంటలో వేసే మేలు చేసే సూక్ష్మజీవుల సరుకు) కంపెనీ మనిషి ఫోన్ చేసి, 'మా సరుకు గురించి ఒక్క నిమిషం మాట్లాడండి సార్, మిగతాది మేం చూసుకుంటాం' అన్నాడు. సబ్‌స్క్రైబర్లు వెయ్యి దాటారు కాబట్టి మానిటైజేషన్ (వీడియోల మీద ప్రకటనల ఆదాయం) ఆన్ చేద్దామని, నా పేరు మీద కుదరకపోతే తన పేరు మీద పెడదామని మా ఆవిడ అంటోంది. ఆఫీసులో అడుగుపెడితే 'స్టార్ వచ్చాడ్రా' అని ఎగతాళి. మా పైఅధికారి పిలిచి 'మనకెందుకయ్యా ఈ పబ్లిసిటీ' అన్నారు గానీ ఆపమని కాగితం ఇవ్వలేదు. ఇది చాలదన్నట్టు అమెరికా సుంకాల మీద బైట్ ఇవ్వమని రిపోర్టర్లు అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు? ఆపెయ్యనా?

జవాబు: ఆపకండి. అయితే ఇప్పుడు నడుపుతున్న పద్ధతిలో మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో నాలుగైదు గొడవలు కలగలిసిపోయాయి. ఎగతాళి ఒకటి, ఫిర్యాదు ఒకటి, కంపెనీ ఫోను ఒకటి, ఇంట్లో మాట ఒకటి. అన్నిటికీ కలిపి మీ పైఅధికారి 'పబ్లిసిటీ' అని పేరు పెట్టారు. మీరూ ఆ మాటే పట్టుకుని టెన్షన్ పడుతున్నారు. నన్నడిగితే, ప్రభుత్వ ఉద్యోగికి పేరు రావడంలో ఏ తప్పూ లేదు. ఆ పేరును ఎవరైనా కొనుక్కునే వీలుందా లేదా అన్నదే చూసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

ముందు పైఅధికారి మాట. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య ఎలా లేచిందో, 1994-95లో వైట్ స్పాట్ అనే వైరస్ రోగం వచ్చి ఎలా కూలిందో మీ మండలంలో పెద్ద రైతుల్ని ఎవర్నడిగినా చెప్తారు. ఆ రోజుల్లో గట్టు మీద నిలబడి 'ఇది వైరస్ నాయనా, మందు లేదు, ఆ నీళ్లు కాలవలోకి వదలొద్దు' అని చెప్పే మనిషి అందరికీ దొరకలేదు. దొరికింది మందులు అమ్మేవాడే. 2009 తర్వాత వనామి అనే ఇంకో రకం రొయ్య వచ్చింది. రోగాల పేర్లు మారాయి. అమ్మేవాడు మాత్రం షాపులోంచి ఫోన్లోకి వచ్చాడు. 'రొయ్య పెరగడం లేదు' అని రైతు వెతికితే ముందు కనబడేది వాడి వీడియోనే. ఆఫీసు తరఫున ఇలాంటివి రావడం అరుదు, ఉద్యోగి సొంతంగా చేస్తే 'మనకెందుకయ్యా' అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. కాబట్టి మీ వీడియోల అవసరం గురించి నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ అవసరం వేరు, రక్షణ వేరు. మీకు వర్తించేది 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి. అప్పటికి యూట్యూబ్ లేదు కాబట్టి అందులో రేడియో, పత్రికలు, పుస్తకాల ప్రస్తావనే ఉంటుంది. సాహిత్యం, కళ, శాస్త్రం లాంటి విషయాలకే పరిమితమైతే వెసులుబాటు ఉంది. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం, ఆఫీసు సమాచారాన్ని బయటపెట్టడం, అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యడం కుదరదు. రొయ్యల రోగాల గురించి చెప్పడం శాస్త్ర విషయమేనని మీరు వాదించొచ్చు, వాదన బలమైనదే. కాకపోతే ఎంక్వైరీ మొదలయ్యాక వాదించుకోవడం కంటే ఇప్పుడే ఒక కాగితం పుట్టించడం మేలు. 'ఆపమని రాసివ్వలేదు' అని మీరు ధీమాగా ఉన్నారు. చెయ్యమని కూడా ఎవరూ రాసివ్వలేదు. ఫిర్యాదు పైకి వెళ్లిన రోజున మీ పైఅధికారి 'నేను అప్పుడే వద్దన్నాను' అనేస్తారు, అందులో అబద్ధం కూడా ఉండదు.

ఒక పేజీ ఉత్తరం రాయండి. ప్రాపర్ ఛానల్లో, మీ పైఅధికారి ద్వారానే కమిషనర్‌కు. అందులో ఛానల్ పేరు, లింకు, ఇప్పటిదాకా పెట్టిన వీడియోల జాబితా ఇవ్వండి. డ్యూటీ వేళల్లో తియ్యడం లేదని, దాని మీద ఆదాయం లేదని, తీసుకోబోనని, ఏ కంపెనీ సరుకునూ పొగడడం గానీ తిట్టడం గానీ చెయ్యనని, శాఖ ఏ వీడియో తీసెయ్యమన్నా తీసేస్తానని రాయండి. చివర్లో 'అనుమతి ఇవ్వగలరు' అనండి. తపాల్లో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని, నకలు ఇంట్లో పెట్టుకోండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా రోగాలు, నీటి పరీక్షలు, గుంట తయారీ లాంటి వాటికే పరిమితమవ్వండి. 'వద్దు' అని రాతపూర్వకంగా వస్తే మాత్రం ఆపాల్సిందే. అప్పుడు పైకి అప్పీలు చేసుకోండి గానీ, మారుపేరుతో ఇంకో ఛానల్ మొదలుపెట్టకండి.

ఇక డబ్బు. ఇక్కడ నేను మెత్తగా చెప్పను. మానిటైజేషన్ ఆన్ చెయ్యొద్దు, ఆవిడ పేరు మీద అసలే వద్దు.

వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇస్తుంది. మీలాంటి ఛానల్‌కు వచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు, దాని కోసం ఉద్యోగాన్ని తాకట్టు పెట్టడం దండగ. 2023లో కేరళ ప్రభుత్వం ఇలాగే ఆదాయం వచ్చే ఛానళ్లు తన ఉద్యోగులు నడపకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అది మన రాష్ట్రానికి వర్తించదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. మొహం మీది, గొంతు మీది, బ్యాంకు ఖాతా ఆవిడది అంటే ఎంక్వైరీ ఆఫీసరు నమ్మడం మాట అటుంచి, మీరే దాచడానికి ప్రయత్నించారని రాసుకుంటాడు. చిన్న తప్పును పెద్దది చేసుకునే దారి అది. ఇంట్లో ఈ పేరా చదివి వినిపించండి, తిట్లు నా ఖాతాలో వేసుకుంటాను.

మీకు తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. మీరు మానిటైజేషన్ ఆన్ చెయ్యకపోయినా యూట్యూబ్ తన సొంతానికి మీ వీడియోల మీద ప్రకటనలు వేసుకోగలదు. ఈహెచ్‌పీకి మందు లేదని మీరు చెప్పబోయే ముందు ఏ ఆక్వా మందుల ప్రకటనో వచ్చిందనుకోండి, రైతు ఏమనుకుంటాడు? అందుకని ప్రతి వీడియో కింద 'ఈ ఛానల్ మీద నాకు ఆదాయం లేదు, మధ్యలో వచ్చే ప్రకటనలతో నాకు సంబంధం లేదు' అని రెండు ముక్కలు రాసెయ్యండి.

ప్రోబయాటిక్స్ కంపెనీ వాడికి ఫోన్లో మర్యాదగా 'కుదరదు' అని ఊరుకోకుండా, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. అతను అన్న 'మిగతాది' ఏమిటో మీరు అడగలేదు, మంచి పని చేశారు. వాళ్ల మీటింగుకు అతిథిగా వెళ్లడం, వాళ్ల టోపీ పెట్టుకుని ఫొటో దిగడం, వాళ్లు పంపిన నీటి పరీక్ష కిట్టు వీడియోలో వాడడం, అన్నీ దాని కిందికే వస్తాయి. రేపు అదే కంపెనీ సరుకు మీద రైతు ఫిర్యాదు చేస్తే విచారణకు వెళ్లాల్సింది మీరే కదా!

తిరిగిన వీడియో నేను చూశాను. శాస్త్రం సరిగ్గానే చెప్పారు. ఈహెచ్‌పీ రొయ్యను ఒక్కసారిగా చంపదు, పెరగనివ్వదు. ఒకే గుంటలో చిన్నా పెద్దా సైజులు కలిసిపోతాయి, మేత మింగుతూనే ఉంటాయి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మాత్రం కదలదు. ఒంట్లో చేరాక దాన్ని పోగొట్టే మందు లేదు. రోగకారకాన్ని పట్టే పీసీఆర్ అనే ల్యాబు పరీక్షలో నెగెటివ్ వచ్చిన రొయ్య పిల్లనే వదలడం, పంట అయ్యాక గుంట బాగా ఎండబెట్టి కాల్చిన సున్నం వేసి దున్నడం, ఇవే ఉన్న దారులు. ఇంతవరకు మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. తప్పు వచ్చింది చివర్లో. గట్టు మీద పడి ఉన్న డబ్బాను కాలితో తిప్పి చూపించారు, దాని మీద పేరు స్పష్టంగా కనబడుతోంది. ఒక సరుకు పనికిరాదని ల్యాబు నివేదిక చేతిలో లేకుండా పేరు కనిపించేలా చెప్తే అది శాస్త్రం కాదు, వాళ్లకు లాయర్ నోటీసు ఇచ్చే అవకాశం. ఫిర్యాదులో వాళ్లు పట్టుకున్నది కూడా బహుశా అదే అయ్యుంటుంది. ఆ ముక్క కత్తిరించి మళ్లీ పెట్టండి. పాత వీడియో తీసేశానని, ఎందుకు తీశానో కూడా కింద రాయండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ గురించి మాత్రం పేరు పెట్టి ఎంత గట్టిగానైనా చెప్పండి. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనర్లు వెనక్కి వస్తాయి. అక్కడ మీరు చెప్పేది ప్రభుత్వం మాటే.

ఇప్పుడు ఎవరూ మీకు చెప్పని విషయం. రైతు గుంట చూపించకండి.

ఒక వీడియోలో మేత ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రే పైకెత్తి, అందులో మెత్తబడిన రొయ్యల్ని అరచేతిలో వేసుకుని, వెనకాల గుంట మొత్తం కనిపించేలా తిప్పారు. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల షెడ్డు, దాని పక్కన రెండు తాటిచెట్లు, దూరంగా వాటర్ ట్యాంకు. ఊళ్లో వాళ్లకు అది ఎవరి గుంటో చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ సాయంత్రమే రొయ్యలు కొనే ఏజెంటు ఫోన్ చేస్తాడు. 'అన్నా, మీ గుంటలో తేడా వచ్చిందంట కదా, రేపు పట్టేద్దాం' అంటూ కిలోకు ఇంత తగ్గించి అడుగుతాడు. నలభై కౌంట్‌కు వెళ్లాల్సిన సరుకును రైతు భయపడి ఎనభై కౌంట్ దగ్గరే తెగనమ్ముకుంటాడు. పక్క గుంట వాళ్లు 'నీ నీళ్ల వల్లే మాకూ వచ్చింది' అని తగువుకొస్తారు. అప్పులిచ్చిన మేత డీలరు బాకీ గుర్తుచేస్తాడు. మీరు రైతు మేలు కోరే తీశారు, ఆయనే మిమ్మల్ని పిలిచి మరీ చూపించి ఉంటాడు. ఆఫీసరు అడిగితే 'వద్దు సార్' అనగలిగే రైతు ఎంతమంది? ఒప్పుకున్నాడు కదా అని తియ్యకండి. రొయ్యను దగ్గరగా చూపించండి, తెల్ల పళ్లెంలో వేసి, వెనకాల గోడ తప్ప ఏమీ లేకుండా. ఊరు పేరు వద్దు. పంట అమ్ముడైపోయాక పెట్టండి, పాఠం పాడైపోదు. మీ ఛానల్‌కు నిజంగా పేరు తెచ్చేది ఇదే. 'ఆ సార్‌కు చూపిస్తే మన గుట్టు బయటికి పోదు' అని రైతులు నమ్మితే రోగం మొదటి రోజే మీకు ఫోన్ వస్తుంది. నమ్మకపోతే అంతా చచ్చాక వస్తుంది.

మండలంలో ఎన్ని గుంటల్లో రోగం వచ్చింది, ఎన్ని ఎకరాలు పోయాయి లాంటి లెక్కలు కూడా శాఖ ప్రకటించేదాకా మీ నోటి నుంచి రాకూడదు. అవి మీ ఛానల్ సరుకు కాదు, ఆఫీసు రికార్డు.

సుంకాల బైట్ వద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు రొయ్యల రైతులు ఎంత వణికిపోయారో నాకు తెలుసు, అప్పటికి మన రొయ్యను అందరికంటే ఎక్కువ కొంటున్నది ఆ దేశమే. మీకూ దాని మీద అభిప్రాయం ఉంటుంది. కానీ కేంద్రం ఏం చేసింది, రాష్ట్రం ఏం చెయ్యలేదు అన్న చర్చలోకి మీ నోట ఒక్క మాట వచ్చినా, మిగతా వీడియోలన్నిటినీ ఆ కంటితోనే చూస్తారు. రిపోర్టర్‌కు పైఅధికారి నంబరు ఇచ్చెయ్యండి. కావాలంటే, ధర పడిపోయినప్పుడు మేత ఖర్చు ఎలా లెక్క వేసుకోవాలి, ఏ కౌంట్‌లో పంట పట్టేస్తే నష్టం తగ్గుతుంది అని మీ ఛానల్లో చెప్పండి. అది మీ పని.

'మాకు మాట్లాడే హక్కు లేదా' అని మీకు అనిపించొచ్చు. ఉంది. త్రిపురలో, చిత్రంగా అక్కడా మత్స్యశాఖలోనే, ఒక ఉద్యోగిని రాజకీయ సభకు వెళ్లారని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టారని పదవీ విరమణకు నాలుగు రోజుల ముందు సస్పెండ్ చేశారు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన భావప్రకటన హక్కు పోదని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. హక్కు ఉన్నా దానికి నియమావళి పరిమితులు ఉంటాయని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి ఆమె రిటైరై ఏడాదిన్నర దాటింది. కోర్టులో గెలవొచ్చు, నిజమే. ఆ గెలుపు చేతికందేదాకా ఇల్లు ఎలా నడుస్తుందో కూడా చూసుకోవాలి.

ప్రొఫైల్ సంగతి చిన్నదే గానీ వెంటనే మార్చండి. ఆఫీసు కుర్చీ, వెనకాల బోర్డు, మెడలో ఐడీ కార్డు ఉన్న ఆ ఫొటో తీసెయ్యండి. మహారాష్ట్ర 2025 జూలైలో తన ఉద్యోగుల సోషల్ మీడియాకు నిబంధనలు పెడుతూ సొంత ఖాతా వేరు, ఆఫీసు ఖాతా వేరు ఉండాలంది, సొంత ఖాతాలో ప్రభుత్వ చిహ్నాలు వాడొద్దంది, ఆత్మస్తుతి వద్దని కూడా అంది. ఆ చివరిది చదివి నేను నవ్వుకున్నాను, అది పాటిస్తే ఫేస్‌బుక్ మూతపడుతుంది. మిగతావి మాత్రం మీకు పనికొచ్చే మాటలే. అయితే ఉద్యోగం పూర్తిగా దాచడం కూడా నాకు నచ్చదు. మీరెవరో తెలిస్తేనే కదా మీ మాట ఎంతవరకు నమ్మాలో రైతు తేల్చుకునేది! 'మత్స్యశాఖ ఉద్యోగిని, ఇక్కడ చెప్పేవి నా సొంత అభిప్రాయాలు' అన్న ఒక్క లైను చాలు. ప్రతి వీడియో మొదట్లో నెల, సంవత్సరం నోటితో చెప్పండి. మూడేళ్ల కిందటి సలహా వాట్సాప్‌లో నిన్నటిదానిలా తిరుగుతుంది.

ఎగతాళికి మందు ఉంది. ఈహెచ్‌పీ కంటే ఇది నయం. ఇప్పటిదాకా ప్రతి వీడియోలోనూ మీరొక్కరే ఉన్నారు. పీసీఆర్ ఎలా చేస్తారో ల్యాబు టెక్నీషియన్ చేత చెప్పించండి. గ్రామ మత్స్య సహాయకుడు నీటి నమూనా ఎలా పడతాడో అతని చేతులతోనే చూపించండి. ముత్తుకూరు మత్స్య కళాశాలలో మీకు పాఠం చెప్పిన వాళ్లో, చదువుకునే పిల్లలో ఒకరిద్దరు మాట్లాడితే ఇంకా మంచిది. కాలేజీ అనుమతి తీసుకునే సుమా. అందరి మొహాలూ వచ్చాక ఎగతాళి చెయ్యడానికి ఎవరూ మిగలరు. మిగిలిన ఒకరిద్దరు ఎలాగూ మారరు, వాళ్ల కోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

ఫొటో పంపి 'ఏం మందు వెయ్యాలి సార్' అని అడిగే వాళ్లకు ఇన్‌బాక్స్‌లో వైద్యం చెయ్యకండి. పగిలిన స్క్రీన్ మీద ఎర్రగా కనిపించిన రొయ్య నిజంగా ఎరుపో, కెమెరా చేసిన ఎరుపో మీరూ చెప్పలేరు. 'నమూనా తీసుకుని ల్యాబుకు వెళ్లండి' అన్న జవాబు ఒకటి తయారుగా పెట్టుకోండి, మీ మండలం వాళ్లయితే గుంటకు వెళ్లి చూడండి.

ఎప్పుడో ఒకప్పుడు మీకు బదిలీ అవుతుంది. ఛానల్ మీది, మీతో వస్తుంది. మండలం రైతుల వాట్సాప్ గ్రూపులు మీవి కావు. చార్జి అప్పగించే రోజునే కొత్తగా వచ్చిన ఉద్యోగిని అడ్మిన్ చేసి, పరిచయం చేసి, మీరు బయటికి వచ్చెయ్యండి. 'సార్ మీరుండండి' అని రైతులు అంటారు, మొహమాటపడొద్దు. మీరు అందులో ఉన్నంతకాలం కొత్తాయన్ని ఎవరూ ఏమీ అడగరు.

చివరిగా, ఒక కాలర్ మైకు కొనుక్కోండి. ఏరేటర్ల హోరులో మీరు చెప్పేది సగం వినపడటం లేదు. సున్నం ఎంత వెయ్యాలో చెప్పిన చోటే అంకె వినపడకుండా పోయింది, కింద కామెంట్లలో అందరూ అదే అడుగుతున్నారు.